కాల్ మొదట్లో "వెదర్ ఎట్లా ఉంది" అని అడిగితే ఇంగ్లీషులో ఏం మాట్లాడాలి?

బైరాగిపట్టెడ అకౌంట్స్:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. పదో తరగతి దాకా పాకాలలో తెలుగు మీడియం చదివాను, ఆ తర్వాత బీకాం. పెళ్లయ్యాక పద్నాలుగేళ్లు ఇక్కడే ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేశాను. ఏడాదిగా ఇంటి నుంచే అమెరికాలో ఒక పళ్ల డాక్టరు క్లినిక్‌కి లెక్కలు చూస్తున్నాను. క్లినిక్ ఉండేది క్లీవ్‌ల్యాండ్‌లో. ప్రతి సోమవారం కాల్ ఉంటుంది. వాళ్లకు ఉదయం తొమ్మిది. మనకు చలికాలంలో రాత్రి ఏడున్నర, మార్చిలో వాళ్లు గడియారం ముందుకు తిప్పాక సాయంత్రం ఆరున్నర.

లెక్కల దగ్గర నాకు భయం లేదు. ఏ ఇన్సూరెన్సు క్లెయిము ఎందుకు వెనక్కి వచ్చింది, ఎవరి బాకీ ఎన్ని రోజులుగా నిలిచి ఉంది, ఇవన్నీ తడుముకోకుండా ఇంగ్లీషులో చెప్తాను. నా కష్టమంతా కాల్ మొదలైన ఐదు నిమిషాలు.

క్లినిక్ మేనేజరు అరవై దగ్గర పడిన ఆవిడ. చాలా మంచి మనిషి. ఫోన్ ఎత్తగానే "హౌ ఈజ్ ద వెదర్ ఓవర్ దేర్?" అంటుంది. నేను "క్లైమేట్ ఈజ్ గుడ్ మేడమ్" అంటాను. ఆవిడ "ఓ, గుడ్" అంటుంది. అంతే. ఇద్దరం కాసేపు ఊరికే ఉంటాం. ఆవిడ ఇంకేదో మాట్లాడాలని చూస్తుంది, నేను గబుక్కున షీటు తెరిచేస్తాను.

పోయిన నెల ఒక రోజు ఆవిడ "వి ఆర్ ఇన్ ద టీన్స్ దిస్ మార్నింగ్" అంది. పళ్ల క్లినిక్ కదా, టీనేజీ పిల్లలకు క్లిప్పులు వేసే రోజేమో అనుకుని "హౌ మెనీ పేషెంట్స్?" అని అడిగాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, ఉష్ణోగ్రత గురించి చెప్తున్నానమ్మా, పదమూడు నుంచి పందొమ్మిది డిగ్రీల మధ్య ఉంటే అట్లా అంటాం అని ఓపికగా చెప్పింది. పదహారు డిగ్రీలకే ఇంత చలి అంటుందేమిటి అని అప్పుడూ అయోమయమే. అవి వాళ్ల ఫారెన్‌హీట్ డిగ్రీలని, మన లెక్కలో మైనస్ తొమ్మిది అని రాత్రి మా అబ్బాయి చెప్పాడు.

మొన్న సోమవారం జరిగింది ఇంకా బాధగా ఉంది. ఆ రోజు పొద్దుటి నుంచి కొండ కనపడలేదు. మా మేడ మీద నుంచి చూస్తే శేషాచలం మొత్తం తెల్లగా కప్పేసి ఉంది. ఈసారి నేనే ముందు మాట కలుపుదామని "టుడే స్నో ఈజ్ దేర్ ఆన్ తిరుమల హిల్స్" అన్నాను. ఆవిడ ఎగిరి గంతేసినంత పని చేసింది. దక్షిణ భారతంలో స్నో పడిందా, ఫొటో పంపు, మా ఆయనకు చూపిస్తాను అంది. తప్పు అన్నానని తెలుస్తోంది, సరైన మాట నోటికి రావడం లేదు. "స్మాల్ స్నో" అన్నాను. తెలియక అన్నా అబద్ధం అబద్ధమే కదా. ఆవిడ ఇంట్లో కూడా చెప్పి ఉంటుంది. దాన్ని అట్లా వదిలేయడం నాకు ఇష్టం లేదు.

మా అమ్మ పాకాలలో అరుగు మీద కూర్చుంటే కార్తెలు, మబ్బులు, గాలి మళ్లడం గురించి ఎదురింటామెతో గంట మాట్లాడుతుంది. ఆ మాటలు వింటూ పెరిగినదాన్ని నేను. మనసులో అన్నీ ఉన్నాయి, ఇంగ్లీషులో ఒక్కటీ పలకడం లేదు. ఉక్క, ముసురు, మంచు, ఎండ, వీటిని వాళ్లు ఏమంటారు? ఎంతసేపు మాట్లాడాలి? ఎక్కడ ఆపి పనిలోకి రావాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

చిత్తూరు పాత మాస్టారు:

అమ్మా, నేను చిత్తూరు జిల్లాలో జిల్లా పరిషత్తు బడుల్లో ముప్పై ఒక్క ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీకు వచ్చిన కష్టం మాటలు రాకపోవడం కాదు. తెలుగులో ఒక మాట చేసే పనిని ఇంగ్లీషులో నాలుగు మాటలు పంచుకుంటాయి. ఆ పంపకం మనకు బడిలో ఎవరూ చెప్పలేదు. నేనూ సరిగ్గా చెప్పలేదేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

ముందు మీ మంచు సంగతి. హిమాలయాల మీద పడేదీ మంచే, తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, ఘాట్ రోడ్డులో ఎదుటి బండి కనపడకుండా చేసేదీ మంచే. వాళ్లకు పైనుంచి తెల్లగా రాలేది స్నో. గడ్డి మీద నీటి చుక్కలు డ్యూ. కొండను కప్పేది పలచగా ఉంటే మిస్ట్, దట్టంగా ఉంటే ఫాగ్. వాతావరణ శాఖల లెక్కలో కిలోమీటరు లోపు కూడా కనపడకపోతే ఫాగ్, అంతకు మించి కనపడుతుంటే మిస్ట్. మీరు చూసింది నిజానికి కొండ మీదికి దిగిన మబ్బు. "ద హిల్స్ ఆర్ కవర్డ్ ఇన్ మిస్ట్" అంటే చాలు. రేపు కాల్‌లో మొదటి మాటగా ఇదే చెప్పండి: మా భాషలో స్నోకీ మిస్ట్‌కీ మాట ఒకటే, అందుకే అట్లా అన్నాను అని. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, పైగా ఆవిడకు కొత్త సంగతి తెలుస్తుంది.

రెండోది క్లైమేట్. ఇది మన జిల్లా మొత్తానికీ ఉన్న అలవాటు. "టుడే క్లైమేట్ ఈజ్ సూపర్" అనని పిల్లవాణ్ని నేను చూడలేదు. ఇవాళ ఎట్లా ఉందో అది వెదర్. ఒక ఊరు ఏళ్ల తరబడి ఎట్లా ఉంటుందో అది క్లైమేట్, దాన్ని మామూలుగా ముప్పై ఏళ్ల సగటు మీద చెప్తారు. మన భూగోళం పుస్తకంలో శీతోష్ణస్థితి అని వేరే మాట ఉండేది. వాడుకలో అన్నిటికీ వాతావరణం అనేశాం, ఆ కలగలుపే ఇంగ్లీషులోకీ వెళ్లింది. మీరు "క్లైమేట్ ఈజ్ గుడ్" అంటే ఆవిడకు మీ ఊరు ఎప్పుడూ బాగుంటుందని వినిపిస్తుంది. ఇక ఆవిడ అడగడానికి ఏం మిగులుతుంది? అందుకే ఆ మౌనం.

మూడోది చిన్నదే, కానీ అన్నిటికీ మూలం. మనం "చలిగా ఉంది" అంటాం. ఏది చలిగా ఉంది? ఎవరూ అడగరు, ఆ స్థానం ఖాళీగా వదిలేస్తాం. ఇంగ్లీషు వాక్యం ఆ పీటను ఖాళీగా ఉంచదు, అక్కడ "ఇట్" ను కూర్చోబెడుతుంది. దానికి అర్థం లేదు, వెతకొద్దు. ఇట్స్ కోల్డ్, ఇట్స్ రెయినింగ్, ఇట్ రెయిన్డ్ ఆల్ నైట్. "వానొస్తా ఉంది" ని యథాతథంగా "రెయిన్ ఈజ్ కమింగ్" అంటే వాళ్లకు వాన ఇంకా మొదలు కాలేదని అర్థమవుతుంది. మీరు తడుస్తూ చెప్తున్నా సరే.

ఇట్ అలవాటైతే ఒక మేలు ఉంది. మనం "కదా" బదులు ప్రతిదానికీ "ఇజంట్ ఇట్" తగిలిస్తాం. యు ఆర్ కమింగ్, ఇజంట్ ఇట్ అంటే తప్పు. కానీ ఇట్స్ కోల్డ్ టుడే, ఇజంట్ ఇట్ అంటే నూటికి నూరు పాళ్లు ఒప్పు. మన నోటికి ముందే అలవాటున్న మాట వెదర్ దగ్గర సరిగ్గా అతుకుతుంది. నిస్సంకోచంగా వాడండి.

మీరడిగిన మిగతా మాటలు. ఉక్కకు వాళ్లు హ్యూమిడ్ అంటారు, స్టికీ అంటారు, గాలి ఆడకుండా ఒళ్లు జిడ్డుగా ఉంటే మగ్గీ అంటారు. "ఎయిర్ ఈజ్ నాట్ కమింగ్" అనకండి, అది ఫ్యాను చెడిపోయినట్టు ఉంటుంది. "దేర్ ఈజ్ నో బ్రీజ్ ఎట్ ఆల్" అనండి. గాలిలోనూ ఇదే పంపకం: పీల్చేది ఎయిర్, ఈదురుగాలి విండ్, ఒంటికి హాయిగా తగిలేది బ్రీజ్. ఎండకు సరిసమానమైన మాట నాకు ఇన్నేళ్లలో దొరకలేదు, "ద సన్ ఈజ్ వెరీ స్ట్రాంగ్" అంటే దగ్గరగా వస్తుంది. సోన పడుతుంటే డ్రిజిల్, జల్లు షవర్, కుండపోత అయితే ఇట్స్ పోరింగ్. ముసురుకు ఒక్క మాట వెతకొద్దు, కనపడేది చెప్పండి: పొద్దుటి నుంచి పడుతూ ఆగుతూ ఉంది, సూర్యుడు లేడు. "ఇట్స్ బీన్ రెయినింగ్ ఆన్ అండ్ ఆఫ్ ఆల్ డే, నో సన్ ఎట్ ఆల్." తెరిపిస్తే "ఇట్స్ లెట్ అప్ ఎ బిట్". ఈ చివరిది నాకు చాలా ఇష్టమైన మాట.

ఒక జాగ్రత్త. చలి వేస్తోంది అనడానికి "ఐ హ్యావ్ కోల్డ్" అనకండి, జలుబు చేసిందని మందు చెప్తారు. ఐ యామ్ కోల్డ్.

వెదర్ మాటలను ఊసుపోని కబుర్లు అంటే నేను ఒప్పుకోను. బంగారుపాళ్యం దగ్గర నాకు రెండెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. పూత మీద ఉన్నప్పుడు నాలుగు రోజులు మంచూ మబ్బూ పట్టాయంటే తేనెమంచు పురుగు, బూడిద తెగులు దిగుతాయి, పూత మాడిపోతుంది. జనవరిలో నాకు ఎవరైనా ఫోన్ చేసి "అక్కడ ఎట్లా ఉంది సార్" అంటే వాళ్లు నా బాగోగులు అడిగినట్టే.

రేణిగుంట ట్యాక్సీ:

అక్కా, సారు చెప్పినంత గ్రామరు నాకు తెలీదు. ఇంటర్‌తో ఆపేసినా. రేణిగుంట ఎయిర్‌పోర్టు నుంచి తిరుమలకు బండి తోలతా ఉండా, పదకొండేండ్లు అయింది. నాకొచ్చే ఇంగ్లీషంతా బండిలో నేర్చుకున్నదే.

మన ఊర్లో కొత్త మనిషి కనపడితే మనం ఏం అడుగుతాం? దర్శనం అయిందా అంటాం. కొండ దిగినోళ్లను దర్శనం బాగా జరిగిందా అంటాం. ఎన్ని గంటలు క్యూలో నిలబడినారు, ఏ కంపార్టుమెంటులో కూర్చోబెట్టినారు, ఆ లెక్క మనకు కావాలని అడగం. మాట కలపడానికి అడుగుతాం. వాళ్లు ఒక్క ముక్క చెప్తే అదే లాక్కుపోతుంది. దొరలకు వెదర్ అట్లాంటిదే అని నాకు రెండేండ్లకు అర్థమయింది. నువ్వు క్లైమేట్ గుడ్ అని ఆపేస్తే, దర్శనం అయిందా అంటే "ఆఁ" అని మొగం తిప్పుకున్నట్టు ఉంటాది అక్కా. ఆ మేడమ్ పాపం ఏమనుకోవాల.

నేనేం చేస్తానంటే, అద్దంలోంచి కనపడేది చెప్తా. అంతే. మే నెలలో దిగినోళ్లు "ఈజ్ ఇట్ ఆల్వేస్ దిస్ హాట్?" అంటారు. "మే ఈజ్ ద వర్స్ట్ సార్, ఇట్స్ కూలర్ అప్ ఆన్ ద హిల్" అంటా. కింద ఫోన్లో నలబై ఒకటి చూపిస్తా ఉంటే పైన బండి తలుపు తీయగానే తేడా వాళ్లకే తెలుస్తాది. తర్వాత నేనే ఒక ప్రశ్న అడుగుతా, "హౌ ఈజ్ ఇట్ బ్యాక్ హోమ్?" అని. ఇంక అలిపిరి టోల్‌గేటు దాకా వాళ్లే మాట్లాడతారు. నాకు ఇంగ్లీషు వచ్చింది ఆ ఒక్క ప్రశ్న వల్లే.

వానాకాలం గురించి మటుకు తప్పు చెప్పకు. జులైలో వచ్చినోళ్లు మాన్‌సూన్ కదా అని గొడుగులు పట్టుకోని దిగతారు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అని చెప్పాల. 2021 నవంబరులో పడిన వాన నేను మర్చిపోలేను. కపిలతీర్థం దగ్గర నీళ్లు కొండ విరిగి పడినట్టు పడినాయి. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్ట కారతా ఉందని ఊర్లకు ఊర్లు ఖాళీ చేసినారు. డిసెంబరు 1వ తేదీ ఘాట్ రోడ్డులో బండరాళ్లు పడి రోడ్డే కొట్టుకుపోయింది. ఈ కథ చెప్తే ఎవురైనా వింటారు. నువ్వు ఊర్లోనే ఉన్నావు కదా అప్పుడు, చూసింది చెప్పు.

బైరాగిపట్టెడ అకౌంట్స్:

మాస్టారూ, మీరు ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. నమస్కారాలు. అన్నా, దర్శనం మాట సరిగ్గా తగిలింది. మా ఇంటికి ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది అదే.

2021లో మా వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు. ఇంకో రెండు సందేహాలు. ఫారెన్‌హీట్‌ను మనసులో ఎట్లా మార్చుకోవాలి? వాళ్లు చలి అని వాపోతుంటే నేను ఇక్కడి ఎండ గురించి చెప్పొచ్చా, మర్యాద తప్పినట్టు అవుతుందా?

లీడ్స్ నర్సు:

అక్కా, మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. ఇంగ్లాండులో లీడ్స్‌లో ఆరేళ్లుగా నర్సుగా చేస్తున్నాను, ఇప్పుడు సెలవు మీద ఇంటికి వచ్చాను. మీ రెండో సందేహం నాకు బాగా తెలిసిన సంగతి, ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను.

వార్డులో ఒక ముసలాయన పొద్దున్నే "బిట్ నిప్పీ టుడే, ఇజంట్ ఇట్?" అన్నారు. నేను ఫోన్ చూసి "నో, ఇట్స్ ట్వెల్వ్ డిగ్రీస్" అన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. దుప్పటి సర్దుకుని అటు తిరిగారు. మా సీనియరు సిస్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పింది: అది థర్మామీటరు చూడమని అడగడం కాదు, నాతో ఒక నిమిషం ఉండు అని అడగడం. ఎవరైనా చలిగా ఉంది కదా అంటే ముందు అవును అనాలి. "ఇట్ ఈజ్, ఇజంట్ ఇట్?" తర్వాత మీ మాట చెప్పుకోవచ్చు. ఆ రోజు మధ్యాహ్నం నేనే ఆయన దగ్గరికి వెళ్లి కిటికీ వైపు చూపిస్తూ "టర్న్డ్ అవుట్ నైస్ ఇన్ ద ఎండ్" అన్నాను. అరగంట తన తోట గురించి చెప్పారు.

కాబట్టి వాళ్ల ఎండను మన ఎండతో పోల్చి తీసేయకూడదు. 2022 జులై 19న ఇంగ్లాండులో మొట్టమొదటిసారి 40 డిగ్రీలు దాటింది, 40.3. నేను ఆ రోజు డ్యూటీలో ఉన్నాను. మా చిత్తూరులో ఇది మామూలే అని నోటి దాకా వచ్చింది. కానీ అక్కడి ఇళ్లు వేడి బయటికి పోకుండా కట్టినవి. ఎక్కువ ఇళ్లలో సీలింగు ఫ్యాను ఉండదు. ముసలివాళ్లు నిజంగా అల్లాడిపోయారు. మీ క్లీవ్‌ల్యాండ్ చలి కూడా అంతే, మనకు అందని విషయం. "ఐ కాంట్ ఇమాజిన్ దట్ కైండ్ ఆఫ్ కోల్డ్" అనండి, అది నిజం కూడా. ఆ తర్వాత ఇక్కడ ఎట్లా ఉందో చెప్తే పోటీలా ఉండదు.

డిగ్రీల లెక్క మీకు నిమిషం పని. మన డిగ్రీలను రెట్టింపు చేసి, అందులో పదో వంతు తీసేసి, 32 కలపండి. నలభైకి ఎనభై, ఎనిమిది పోతే డెబ్బై రెండు, ముప్పై రెండు కలిపితే నూట నాలుగు. కచ్చితంగా వస్తుంది. వాళ్లది మనకు మార్చాలంటే ముందు 32 తీసేసి, సగం చేసి, ఆ సగంలో పదో వంతు కలపండి. అర డిగ్రీ లోపే తేడా వస్తుంది, మాటల్లోకి సరిపోతుంది.

ఎంతసేపు అన్నారు. వార్డులో నాకు ఒక గుర్తు ఉంది. వాళ్లు "ఎనీవే" అన్నారంటే పనిలోకి రమ్మని అర్థం. వాళ్లు అనేదాకా ఆగితే చాలు, మీరు ముందే షీటు తెరవకండి.

బైరాగిపట్టెడ అకౌంట్స్:

సోమవారం కాల్ అయింది. అందరికీ చెప్పాలని వచ్చాను.

ఆవిడ అడగకముందే నేనే మొదలుపెట్టాను. పోయిన వారం స్నో అన్నాను, అది స్నో కాదు మిస్ట్, మా భాషలో రెండింటికీ ఒకటే మాట అని. ముందు రోజు రాసుకుని నాలుగుసార్లు పైకి చదువుకున్నాను కాబట్టి తడబడలేదు. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "వాట్స్ ద వర్డ్?" అంది. మంచు అని చెప్పాను. రెండు మూడుసార్లు పలికించుకుంది. మా ఆయనకు ఫొటో బదులు ఈ మాట చెప్తానంది.

వాళ్లకు ముందు రాత్రి పది అంగుళాల స్నో పడిందట. ఊరికి ఒకవైపే అంత పడింది, రెండో వైపు అంత లేదు అంది. ఎందుకట్లా అని అడిగాను. టాక్సీ అన్న చెప్పిన ప్రశ్న లాంటిదే, కానీ నాకు నిజంగా తెలుసుకోవాలనిపించే అడిగాను. వాళ్ల ఊరి పక్కన ఈరీ అని పెద్ద సరస్సు ఉందట. పైనుంచి వచ్చే చలిగాలి, ఇంకా గడ్డకట్టని ఆ నీళ్ల మీదుగా వస్తూ తేమను పీల్చుకుని, ఒడ్డు తగలగానే స్నోగా కుమ్మరిస్తుందట. తూర్పు పేటలు కాస్త మెరకలో ఉంటాయి కాబట్టి అటే ఎక్కువ. దాన్ని లేక్ ఎఫెక్ట్ అంటారని చెప్పింది.

వింటుంటే నాకు మా వాన గుర్తొచ్చింది. మనకూ అంతే కదా, ఈశాన్యం నుంచి వచ్చే గాలి బంగాళాఖాతం మీదుగా తేమ పట్టుకొచ్చి మన మీద కురుస్తుంది, కొండలకు తగిలితే ఇంకా ఎక్కువ. అదే చెప్పాను. వాక్యాలు అన్నీ సరిగ్గా రాలేదు, "సేమ్ లైక్ యువర్ లేక్, బట్ అవర్స్ ఈజ్ ఎ సీ" అన్నాను. ఆవిడకు అర్థమైంది. 2021లో మా వీధిలో నీళ్లు, బియ్యం మూటలు మంచం మీదికి ఎక్కించడం, మూడు రోజులు కరెంటు లేకపోవడం అన్నీ చెప్పాను. ఎక్కడా "నో, ఇక్కడ అంతకంటే..." అనలేదు, నర్సు చెల్లెలు చెప్పింది గుర్తుంది.

గడియారం చూస్తే పదకొండు నిమిషాలు. అప్పుడు ఆవిడే "ఎనీవే" అంది. షీటు తెరిచాను.

ఆ రాత్రి మబ్బు లేదు. తెల్లారి మేడ మీదికి వెళ్లి కొండ ఫొటో తీసి పంపాను, మొత్తం స్పష్టంగా కనపడుతోంది. మాస్టారూ, ఆవిడ తిరిగి వాళ్ల వీధి ఫొటో పంపింది. కారు పక్కన సగం కరిగి మట్టితో కలిసిన స్నో ఉంది. కింద "స్లష్" అని రాసింది. దీనికి తెలుగులో ఏమనాలి? వచ్చే సోమవారం ఆవిడకు చెప్తానన్నాను.

చిత్తూరు పాత మాస్టారు:

మంచు బురద అనండమ్మా. నిఘంటువులో ఉందో లేదో చూడను. ఆవిడకు సగం మాట ముందే వచ్చు కదా.